చీర ఉయ్యాల

వలగా అల్లిన ఊయలను 1492లో కొలంబస్ బృందం కరీబియన్ దీవులలో చూచింది. అక్కడి తైనో ప్రజల ‘హమాకా’ అనే మాటే ఐరోపా భాషలకెక్కింది. మన కర్నూలు, కడప సీమలలో ఆ స్థానం నేతచీరది.

వేరుశనగ చేనికి కూలికి వచ్చిన తల్లి పాత నూలుచీరను వేపకొమ్మకు కట్టి బిడ్డను పడుకోబెడుతుంది. పట్టు జారుతుంది, నూలు ముడి బిగుస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట చెమటను పీల్చి, గాలిని రానిస్తుంది. నడుమ అడ్డుకర్ర పెడితే బట్ట బిడ్డ ముఖాన్ని మూయదు. దీనినే కొందరు ఉయ్యాల అనీ, కొందరు ఝూలా అనీ అంటారు.

ఈ చీర వెనుక ఎందరి చేతులున్నవి! మిల్లునూలు రాకముందు దూదేకులవారు వింటినారితో పత్తిని ఏకేవారు. స్త్రీలు రాట్నంపై వడికేవారు. సాలెలు మగ్గంపై నేసేవారు. మంచాలకు నవారు నేయడం కూడ దూదేకులవారి వృత్తియే. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతగాండ్ర సహకార సంఘాన్ని స్థాపించి మగ్గాలకు ఆధారం కల్పించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

మగ్గానికి పేరు దక్కింది గాని, వింటికి దక్కలేదు. తాము దూదేకులవారమని చెప్పుకొనుటకు నేటికీ కొందరు విద్యార్థులు సంకోచిస్తారు. సంకోచమెందుకు? కులమతాలు అడుగకుండ ప్రతి బిడ్డనూ మోసిన ఆ బట్టలో మొదటి పని వారి తాతలదే.