ఊపిరి ఎక్కువైతే

భయం వేస్తే ఊపిరి వేగం అవుతుంది. ఏడ్చినా అవుతుంది. కోపం వచ్చినా అవుతుంది. కాసేపటికి అదే తగ్గుతుంది. కొందరికి మాత్రం తగ్గదు. ఇంకా ఇంకా రొప్పుతారు.

ఒక ఊళ్లో ఇలాగే జరిగింది. ఆరోజు పొదుపు సంఘంలో అప్పు కంతు కట్టాలి. ఒక కోడలి దగ్గర డబ్బు లేదు. ఇంట్లో గొడవ అయింది. ఆమెకు ఏడుపు ఆగలేదు. రొప్పు మొదలైంది.

"అత్తా, గాలి ఆడట్లేదు. చచ్చిపోతానేమో" అంది.

పెదాల చుట్టూ తిమ్మిరి ఎక్కింది. చేతివేళ్లు కొంకర్లు పోయాయి. ఇరుగు పొరుగు మూగారు. "గాలి సోకింది, వేపమండలు తెండి" అంది ఒకామె. "అంతా నాటకం" అన్నాడు మొగుడు.

దయ్యమూ కాదు, నాటకమూ కాదు. ఆ బాధ నిజమైనదే.

ఇంతలో ఆశా కార్యకర్త వచ్చింది. "ఛాతీలో నొప్పి ఉందా? ఉబ్బసం ఉందా? పురుగుమందు ఏమన్నా తాగావా?" అని ముందు అడిగింది. అవేవీ లేవు. జనాన్ని బయటికి పంపింది. కోడల్ని కూర్చోబెట్టింది.

"వదినా, నావైపు చూడు. ముక్కుతో మెల్లగా పీల్చు. మూడు లెక్కపెడతా. ఇప్పుడు నోటితో వదులు. పొయ్యి ఊదినట్టు కాదు, వేడి పాలు చల్లార్చినట్టు. ఐదు లెక్కపెట్టేదాకా వదులు."

కొంతసేపటికి వేళ్లు విచ్చుకున్నాయి.

మనం వదిలే గాలిలో బొగ్గుపులుసు వాయువు పోతుంది. అది చెడ్డగాలి అని చదువుకున్నాం. కాని అదీ కొంత రక్తంలో ఉండాలి. గబగబా ఊపిరి తీస్తే అది ఎక్కువగా బయటికి పోతుంది. రక్తం తీరు మారుతుంది. మెదడుకు రక్తం తగ్గి తల తిరుగుతుంది. వేళ్లు బిగుసుకుంటాయి. గాలి చాలట్లేదనిపిస్తుంది. నిజానికి ఊపిరి ఎక్కువైంది! చాలట్లేదని ఇంకా పీలిస్తే బాధ ఇంకా పెరుగుతుంది.

పూర్వం మూతికి కాగితం సంచి పెట్టి ఊపిరి తీయమనేవారు. ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉంటే అది ప్రమాదం. ప్లాస్టిక్ సంచి పెడితే ప్రాణమే పోవచ్చు.

ఇది మాటిమాటికీ వస్తుంటే మనసులో దిగులు ఉందేమో చూడాలి. డాక్టరుకు ఆ దిగులు కూడా చెప్పాలి. 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రభుత్వం 2022లో పెట్టిన నంబరు ఇది. డబ్బులు పట్టవు.

అయితే రొప్పులన్నీ ఇలాంటివి కావు. మొదటిసారి వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. ఛాతీనొప్పి, జ్వరం, నీలం రంగు పెదాలు, స్పృహ తప్పడం ఉంటే ఇంట్లో ఆగకూడదు. పాము కరిచినా, పురుగుమందు తాగినా అంతే. షుగరు ఉన్న మనిషి రొప్పుతూ వాంతులు చేసుకున్నా, గర్భిణికి ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.