నింజాకు ముందు నడిచేవాడు

మ్యాజిక్: ది గ్యాదరింగ్‌లో నింజుత్సు 2005లో, బిట్రేయర్స్ ఆఫ్ కమిగావా సెట్‌తో వచ్చింది. అప్పటినుంచీ నింజాల డెక్కుతో నేను గెలిచిన ఆటలు పెద్దగా గుర్తు లేవు. ఓడినవి మాత్రం బాగా గుర్తున్నాయి.

1. నింజాలను తగ్గించు, వాటి ముందు నడిచేవాళ్లను పెంచు.

నింజుత్సు కిటుకు తెలిసిందేగా: అటాక్‌కి పంపిన క్రీచర్‌ను ఎదుటివాడు బ్లాక్ చేయకపోతే దాన్ని చేతిలోకి తీసుకుని, మనా కట్టి, దాని చోట నింజాను దించుతాం. నాలుగు మనా అయ్యే నింజా ఆఫ్ ది డీప్ అవర్స్ ఈ దారిలో రెండింటికే వస్తుంది. ఆ చవక చూసి మురిసిపోయి నా తొలి డెక్కు నిండా నింజాలనే కుక్కాను. చేతినిండా నింజాలు, ముందు పంపడానికి మాత్రం ఒక్కడూ లేడు! ఈ డెక్కులో అసలు పని చేసేది చిన్నవాళ్లే. ఆర్నిథాప్టర్‌కి మనాయే అక్కర్లేదు, పైగా ఎగురుతుంది. చేంజ్‌లింగ్ అవుట్‌కాస్ట్ ఒక్క మనా, దాన్ని ఎవరూ బ్లాక్ చేయలేరు, పైగా అది నింజా లెక్కలోకీ వస్తుంది.

2. బ్లాకులు తేలేదాకా ముఖంలో ఏదీ కనపడనీయకు.

అటాక్ చేస్తూ నా ల్యాండ్స్ వైపు ఓరగా చూసుకునే అలవాటు నాకుండేది. రమ్మీలో జోకర్ పడినవాడిలా దొరికిపోయేవాణ్ణి. బ్లాకులు అయ్యాక ఎదుటివాడు నీ క్రీచర్‌ను చంపబోతే కంగారు పడకు. దాన్నే చేతిలోకి లాక్కుని నింజాను దించు, వాడి స్పెల్ వృథా. నింజుత్సు స్పెల్ కాదు కాబట్టి మామూలు కౌంటర్‌స్పెల్ కూడా దాన్ని ఆపలేదు. ఆట తెలిసినవాడు బ్లాకుల కంటే ముందే చంపేస్తాడు, అప్పుడు చేసేదేం లేదు. అందుకే వాడికి ముందుగా అనుమానం రాకూడదు.

3. చేతిలోకి వచ్చిన కార్డు నష్టం కాదు.

ఫేరీ సీర్ దిగిన ప్రతిసారీ డెక్కు పైనున్న రెండు కార్డులు చూసి సర్దుకోనిస్తుంది. వెనక్కి వస్తే మళ్లీ దించొచ్చు.

4. యురికోకి పెద్ద కార్డులు కావాలి, నీ చేతికి కాదు.

2018లో వచ్చిన యురికో, ది టైగర్స్ షాడో కమాండర్ ఆటలో నింజాల తీరే మార్చేసింది. నీ నింజా దెబ్బ ఎవరికైనా తగిలితే డెక్కు పైకార్డు తెరిచి చేతిలోకి తీసుకుంటావు. దాని ఖరీదెంతో ప్రత్యర్థులందరికీ అంత లైఫ్ పోతుంది. పదహారు మనాల డ్రాకో తెరుచుకుంటే, నలభై లైఫ్‌తో మొదలయ్యే ఆటలో ఆ దెబ్బ మామూలుది కాదు. ఆ ఆశతో డెక్కులో సగం కొండల్లాంటి కార్డులే పెట్టాను. అవి ముందే చేతికొచ్చి, వేసే దారిలేక పడి ఉండేవి. పెద్దవి కొన్ని చాలు. వాటిని పైకి పంపే కార్డులే ముఖ్యం. బ్రెయిన్‌స్టార్మ్ మూడు తీయించి రెండు తిరిగి పైన పెట్టిస్తుంది. చేతికొచ్చిన డ్రాకోను మళ్లీ డెక్కు మీదికి ఎక్కించే దారి అదే. సెన్సేస్ డివైనింగ్ టాప్ ఉంటే పైన ఏముందో చూసుకుని వరస మార్చుకోవచ్చు.

5. నలుగురి టేబుల్ మీద పగలు పెట్టుకోకు.

యురికోను చూడగానే మిగతా ముగ్గురూ నీ మీదికే తిరుగుతారు. టేబుల్ మొత్తాన్ని ఊడ్చేసే స్పెల్ ఒకటి ఎప్పుడో పడుతుంది. కాబట్టి చేతిలో ఒకరిద్దరు నింజాలను దాచుకో. యురికో చచ్చినా ఫరవాలేదు, తనకున్న కమాండర్ నింజుత్సుతో ఎన్నిసార్లు దించినా రెండు మనాలే, అదనపు పన్ను లేదు. ఇక ఎవరి మీదికి పంపాలన్న ప్రశ్న. నన్ను కొట్టినవాణ్ణే తిరిగి కొట్టాలని చూసి, వాడి బ్లాకర్ల గోడకు నా చిన్నవాళ్లను బలిచ్చిన ఆటలు ఎన్నో. ఆ పట్టుదలతో ఒకరిద్దరు మంచి స్నేహితుల్ని నొప్పించాను కూడా. దెబ్బ ఒకరికి తగిలినా యురికో ముగ్గురి లైఫూ తీస్తుందన్న మాట కార్డు మీదే రాసి ఉంది. ఎవరి ముందు బ్లాకర్ లేదో వాళ్ల మీదికే పంపు.