ఫోనులోని కపటవైద్యుడు: తెలిసినవారు సైతము ఎందుకు మోసపోవుచున్నారు?

మధుమేహమును గురించి ఇదివరలో కొన్ని పాఠములు చెప్పియున్నాను. మెంతులు, కాకరకాయ, నేరేడు గింజలు, ఉదయపు నడక, ఇవన్నియు పాఠకులు ఎరిగినవే. ఈ పర్యాయము చెప్పబోవు వ్యాధి వేరు. అది ఫోను ద్వారా ఇంటిలో ప్రవేశించును. మొదట బుద్ధిని పట్టును, తరువాత ధనమును హరించును, ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చును. దీనిని గురించి వ్రాయుటకు నాకు కొంత సంకోచము కలదు. ఏలయనగా ఇది మా ఇంటనే బయటపడినది. అందుకు కొంతవరకు నేనే కారకుడను.

మా అక్కయ్యకు 68 సంవత్సరములు. లెక్కల ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీవిరమణ చేసినది. పాలవాని లెక్కలో అర్ధరూపాయి తేడా వచ్చినను పట్టుకొనగలదు. పదకొండు సంవత్సరములుగా ఇన్సులిన్ తీసుకొనుచున్నది. ఒకనాడు ఫేస్‌బుక్కులో ఆమెకు ఒక వీడియో కనబడినది. తెల్లకోటు ధరించిన ఒక పెద్దమనిషి చక్కని తెలుగులో, నలుబది దినములలో చక్కెర వ్యాధి సమూలముగా పోవుననియు, ఇంజెక్షన్లతో పనిలేదనియు చెప్పుచున్నాడు. క్రింద వందలకొలది అభినందనలు. "సగము ధర, ఈ రాత్రి 12 గంటల వరకు మాత్రమే" అని ఒక హెచ్చరిక. అక్కయ్య తన నంబరు వ్రాసినది. పది నిమిషములలో ఫోను వచ్చినది. మాట్లాడిన కుర్రవాడు ప్రతి వాక్యమునకు "అమ్మా" అనుచు, కాళ్ళ తిమ్మిరులు మొదలు మనుమల చదువుల వరకు అన్నియు అడిగినాడు. మొదట 4,500 రూపాయలు, పిమ్మట "పూర్తి కోర్సు" పేరున మరియొక 18,000 రూపాయలు ఆమె పంపినది.

పొడితోబాటు ఒక పథ్యపు కాగితము వచ్చినది. వరియన్నము, దుంపలు, తీపి పదార్థములు పూర్తిగా మానవలెనని అందులో ఉన్నది. అక్కయ్య నిష్ఠగా పాటించినది. పదిదినములు చక్కెర అదుపులోనే ఉన్నది. ఆ ఫలితము పథ్యమునకు చెందినది. పేరు మాత్రము పొడికి వచ్చినది. దానితో ధైర్యము చిక్కి, ఎవరికిని చెప్పక ఇన్సులిన్ మానివేసినది. నాలుగవ వారమున విపరీతమైన దప్పిక, నీరసము, వాంతులు. ఆసుపత్రికి చేర్చునాటికి రక్తములో చక్కెర 500 దాటినది. దైవకృప వలన ఆరు దినములలో తేరుకొన్నది.

మంచము ప్రక్కన కూర్చుండి అడిగినాను: "అక్కయ్యా, నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడూ అంటూంటావు కదరా, ఆ మందులు జీవితాంతం వాడవలసిందేగాని రోగం మూలం పోదని. అతనూ సరిగ్గా ఆ మాటే అన్నాడు. నీ మాట విన్నట్టే అనిపించింది" అన్నది.

నేను తల వంచుకొన్నాను. భోజనముల వద్ద అలవోకగా నేననిన మాట ఆమె మనస్సును పదును చేసినది. ఎవడో వచ్చి విత్తనము చల్లినాడు. ఆ నాటి నుండి ఈ విషయమును వ్యాధిగానే భావించి, నిదాన చికిత్సలను అధ్యయనము చేయనారంభించినాను.

కపటవైద్యుని లక్షణములు

ఇది క్రొత్త రోగమని మనమనుకొందుము. కాని చరక సంహితలోని సూత్రస్థానము తెరచి చూచినచో ఆశ్చర్యము కలుగును. పదునొకండవ అధ్యాయమున ఆచార్యులు వైద్యులను మూడు తెగలుగా విభజించినారు. నిజముగా గుణసంపన్నుడైన వైద్యుడు ఒకడు. వైద్యుని వేషము, మందుల పాత్రలు, పుస్తకములు ప్రదర్శించి వైద్యుడనిపించుకొను ఛద్మచరుడు రెండవవాడు. ప్రసిద్ధుల పేరును అడ్డు పెట్టుకొని బ్రదుకు సిద్ధసాధితుడు మూడవవాడు. నేటి వీడియోలలోని తెల్లకోటు మొదటి మోసము. ప్రముఖ వైద్యుల, నటుల ముఖమును, కంఠమును కృత్రిమ మేధతో సృష్టించి వారే ఆ మందును మెచ్చుకొన్నట్లు చూపుట రెండవ మోసము. పరికరము మారినది గాని పద్ధతి మారలేదు.

అదే స్థానమున ఇరువది తొమ్మిదవ అధ్యాయమున కపటవైద్యుని నడవడి మరింత విపులముగా కలదు. వాడు వైద్యవేషమున వీథులలో తిరుగుచు రోగులను వెదకును. ఎవరికైనను జబ్బు చేసినదని వినగానే చుట్టును చేరును. తన గొప్పలను బిగ్గరగా చెప్పుకొనును. చికిత్స చేయుచున్న వైద్యుని తప్పులను పదేపదే ఎత్తిచూపును. రోగి బంధుమిత్రులను మంచిమాటలతో వశపరచుకొనును. తనకు కావలసినది స్వల్పమే అనును. వ్యాధి తగ్గనప్పుడు, నియమము పాటించలేదని నేరమును రోగి మీదనే మోపును. అక్కయ్యకు ఫోను చేసిన కుర్రవాడు ఈ అధ్యాయమును చదివి ఉండడు. అయినను ఒక్క లక్షణమైనను తప్పలేదు. వాంతులు మొదలైనవని చెప్పినప్పుడు అతడు, "మీరు పథ్యం తప్పారమ్మా" అనెనట.

ఎందుకు నమ్ముదుము?

రోగములకు మూలకారణములలో ప్రజ్ఞాపరాధము ఒకటి అని ఆయుర్వేదము చెప్పుచున్నది. ధీ, ధృతి, స్మృతి అను మూడును తమ స్థానము తప్పినప్పుడు మనిషి చేయు తప్పుపనియే ప్రజ్ఞాపరాధము. శారీరస్థానము మొదటి అధ్యాయమున దీని వివరణ కలదు. మోసగాడు ఈ మూటినే వరుసగా దెబ్బతీయును.

మొదటిది ధీభ్రంశము. హితమును అహితముగను, అహితమును హితముగను చూచుట దీని లక్షణము. పదకొండేండ్లు కాపాడిన ఇన్సులిన్ విషమువలె తోచుట, ఊరు పేరు లేని పొడి అమృతమువలె తోచుట ఇట్టిదే. తెల్లకోటును చూడగానే మన విచారణ సగము ఆగిపోవును. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసి, 1963లో ప్రకటించిన ప్రయోగము ప్రసిద్ధము. ప్రయోగశాల దుస్తులు ధరించిన ఒక అధికారి "కొనసాగించుడు" అని ఆజ్ఞాపించగా, ఎదుటి గదిలోని మనిషికి ప్రమాదకరమైన విద్యుదాఘాతము ఇచ్చుచున్నామని నమ్మియు, 40 మందిలో 26 మంది చివరి మీట వరకు వెళ్ళినారు. నిజమునకు అక్కడ విద్యుత్తు లేదు. వారు క్రూరులు కారు, సామాన్యులే. ఇంక పదిమంది మాట. 1951లో సోలమన్ ఆష్ గీతల పొడవులను పోల్చుమని కొందరిని అడిగినాడు. ముందుగా ఏర్పాటు చేయబడిన వారందరును తప్పు సమాధానము చెప్పగా, కంటికి కనబడుచున్న నిజమును కాదని అసలు వ్యక్తి సుమారు మూడవ వంతు సందర్భములలో వారినే అనుసరించినాడు. వీడియో క్రింద కనబడు వందల అభినందనలు ఆ ఏర్పాటు చేయబడిన మనుష్యుల వంటివే.

రెండవది ధృతిభ్రంశము. మనస్సును అహితము నుండి వెనుకకు లాగు పగ్గమే ధృతి. ఆశ, భయము, తొందర ఈ పగ్గమును తెంచును. "ఈ రాత్రి 12 గంటల వరకే" అనుటలోని ఉద్దేశము ధర తగ్గించుట కాదు. తెల్లవారినచో తమ్మునితోనో, కుమారునితోనో ఒక మాట చెప్పుదురు, ఆ అవకాశము లేకుండ చేయుటయే. "డిజిటల్ అరెస్టు" అను పేరుతో బెదిరించువారు భయముతో ఇదే పని చేయుదురు. గంటలకొలది వీడియో ముందు నుండి కదలనీయక, ఎవరితోను మాట్లాడనీయక డబ్బు గుంజుదురు. మన చట్టములో అట్టి అరెస్టు లేనేలేదు. 2024 అక్టోబరు 27 నాటి ఆకాశవాణి ప్రసంగమున ప్రధానమంత్రి కూడ ఈ సంగతియే చెప్పి, ఆగుము, ఆలోచింపుము, ఆ తరువాతనే చర్య తీసికొనుము అని సూచించినారు. ఆ మొదటి మాట ధృతికి మంచి నిర్వచనము.

మూడవది స్మృతిభ్రంశము. తెలిసినదే సమయమునకు గుర్తు రాకపోవుట దీని లక్షణము. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ అకస్మాత్తుగా మానరాదని అక్కయ్యకు తెలియనిది కాదు. కాని ఒక వీడియోను పూర్తిగా చూచినచో అటువంటివే మరి పది ఫోనులో వచ్చును. విన్న మాటనే మరల మరల వినినచో అది నిజమని తోచుట మనస్సు స్వభావము. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టాపినో అను పరిశోధకులు దీనిని ప్రయోగపూర్వకముగా చూపినారు. నా నోట పూర్వమే విన్న వాక్యము ఆ వీడియోలో మరల వినబడుటచే, అక్కయ్యకు అది క్రొత్తవాని మాటగా కాక పాతజ్ఞానముగా తోచినది.

కావున మోసపోవుట మూఢుల లక్షణమనుకొనుట పొరపాటు. దీర్ఘవ్యాధితో విసిగినవారు, ఒంటరిగా ఉన్నవారు, పిల్లలకు భారము కారాదని తలచువారు దీనికి ఎక్కువ లోనగుదురు. అక్కయ్యకు కావలసినది పొడి కాదు, దినమున కొకసారి "ఎలా ఉన్నావు?" అని అడుగు గొంతు. ఆ నెలలో నేను ఆమెకు రెండుసార్లే ఫోను చేసినాను. ఆ కుర్రవాడు ప్రతిదినము చేసినాడు.

నాలుగు పరీక్షలు

దేనినైనను నమ్ముటకు ముందు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి అను నాలుగింటితో పరీక్షింపవలెనని చరకుడు చెప్పినాడు. వీనిని గృహమున ఇట్లు వాడుకొనవచ్చును.

1. ఆప్తోపదేశము: చెప్పువానికి మన మేలు తప్ప వేరు ప్రయోజనము ఉండరాదు. అమ్ముచున్నవాడు తన సరుకు విషయమున ఆప్తుడు కాడు. వీడియో పంపిన బంధువు ఆప్తుడే కావచ్చును. కాని వీడియోలోని మనిషి కాడు.

2. ప్రత్యక్షము: డబ్బా మీద తయారీదారుని పూర్తి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ, ద్రవ్యముల పట్టిక ఉన్నవా? అక్కయ్య డబ్బా మీద ఒక దేవుని బొమ్మ, ఒక ఫోను నంబరు మాత్రమే ఉన్నవి. మా శాస్త్రము పేరున జరుగునది గనుక ఇంకొక చేదునిజము చెప్పుట నా ధర్మము. ఇంటర్నెట్టు ద్వారా కొన్న 193 ఆయుర్వేద ఔషధములను అమెరికాలో పరీక్షింపగా సుమారు అయిదవ వంతు వానిలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ లలో ఏదో ఒకటి కనబడినట్లు 2008లో ప్రకటించినారు. అందులో మన దేశమున తయారైనవియు, అమెరికాలో తయారైనవియు కలవు. "మూలికయే కదా, హాని ఏమి?" అను మాట ఇక చెల్లదు.

3. అనుమానము: పొగను చూచి నిప్పును ఊహించునట్లు, ప్రకటనను చూచి దాని వెనుకనున్న మనిషిని ఊహింపవలెను. మధుమేహము, క్యాన్సరు, పక్షవాతము మొదలగు వ్యాధులను నయము చేయుదుమని ప్రకటించుటను 1954 నాటి ఔషధముల, మాయాచికిత్సల ప్రకటనల చట్టము నిషేధించినది. అనగా "చక్కెర వ్యాధి సమూలముగా నయము" అని ఎవడైనను ప్రకటించినచో ఆ మాటతోనే వాడు చట్టమును ఉల్లంఘించినాడు. ఇంతకంటె సులభమైన గుర్తు లేదు.

4. యుక్తి: అనేక కారణములను కలిపి ఆలోచించుటయే యుక్తి. చక్కెర తగ్గినది పొడి వలననా, అన్నము మానుట వలననా? ఒకేసారి రెండు మార్చినప్పుడు కీర్తిని ఒకదానికే కట్టబెట్టరాదు. వాడుచున్న మందును వైద్యునితో చెప్పక ఎన్నడును మానరాదు.

మోసము జరిగిన పిమ్మట

అక్కయ్య ఇల్లు చేరిన వారమునకు మరియొక ఫోను వచ్చినది. "మీ సొమ్ము తిరిగి ఇచ్చుచున్నాము, వచ్చిన కోడును స్కాను చేసి పిన్ కొట్టండి" అన్నారు. ఆమె కొట్టినది. 48,000 రూపాయలు పోయినవి. ఒకసారి మోసపోయినవారి నంబరుకే మరల ఎర వేయుట వీరికి వాడుక. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అవసరము లేదు, పంపుటకే అవసరము. ఈ ఒక్క వాక్యమును ప్రతి ఇంటిలోను ఫోను ప్రక్కన వ్రాసి పెట్టవలెను.

విషము తిన్నవానికి వలె ఇక్కడ కూడ మొదటి గంటలే ముఖ్యము. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. సొమ్ము మోసగాని ఖాతా నుండి కదలకమునుపే బ్యాంకులు దానిని నిలిపివేయుటకు వీలు కలుగును. తమ బ్యాంకుకు కూడ తెలియజేసి ఫిర్యాదు సంఖ్య తీసికొనవలెను. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారము, ఖాతాదారుని పొరపాటు ఉన్నప్పుడు సైతము, బ్యాంకుకు తెలియజేసిన పిమ్మట జరుగు నష్టము బ్యాంకుదే. జాతీయ సైబర్ నేరముల పోర్టల్‌లోను ఫిర్యాదు వ్రాయవలెను. సందేశములు, రసీదులు చెరిపివేయరాదు.

అక్కయ్య సిగ్గుపడి రెండు దినములు మాతో చెప్పలేదు. అప్పటికి అధికభాగము చేతులు మారినది. కావున ఇంటివారికి నా మనవి: మోసపోయినవారిని మందలింపకుడు. "ఇంత చదువుకొని" అను మాట నోట రానీయకుడు. ఆ మాటకు భయపడియే వారు దాచుదురు. దాచుటయే మోసగానికి లాభము.

పథ్యము

మా ఇంటిలో ఇప్పుడు మూడు నియమములు పెట్టుకొన్నాము. ఏ మందైనను, ఏ చెల్లింపైనను ఒక రాత్రి గడచిన తరువాతనే. ఇంటిలో మరియొకరికి చెప్పిన తరువాతనే. మూడవది నాకు నేను విధించుకొన్నది: ప్రతి సాయంకాలము ఆరు గంటలకు అక్కయ్యకు ఫోను చేయుట. మొదట మందులను గూర్చి అడిగెడివాడను. ఇప్పుడు ఆమెయే నన్ను అడుగుచున్నది: "ఏరా, ఈవేళ ఎవరికైనా ఏదైనా గొప్పగా చెప్పేశావా?" అని. ఆ ప్రశ్నకు తలవంచి, ఆలోచించి జవాబు చెప్పుచున్నాను.