మందు వాడినా రిపోర్టులో పాజిటివేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. ఏడాది కిందట ఒంటిమీద, అరచేతుల్లో మచ్చలు వస్తే పరీక్షలు చేసి సిఫిలిస్ అన్నారు. అప్పుడు వీడీఆర్ఎల్ 1:32, టీపీహెచ్ఏ పాజిటివ్. పెన్సిలిన్ ఇంజక్షన్ ఇచ్చారు, మచ్చలు పోయాయి. మొన్న మళ్లీ చూపిస్తే వీడీఆర్ఎల్ 1:4 వచ్చింది, టీపీహెచ్ఏ మాత్రం పాజిటివే. ల్యాబ్ అతను ‘ఇంకా ఉంది’ అన్నాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నాకు జబ్బు తగ్గినట్టా, కాదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు చెప్పిన అంకెల ప్రకారం చికిత్స బాగా పనిచేసింది. మీరు చేయించుకున్న రెండు పరీక్షలూ వేర్వేరు సంగతులు చెబుతాయి. టీపీహెచ్ఏ సిఫిలిస్ క్రిమి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టుకుంటుంది. జబ్బు నయమైనా చాలామందిలో అవి జీవితాంతం ఉంటాయి. కాబట్టి తగ్గిందో లేదో తేల్చుకోవడానికి అది పనికిరాదు, పదేపదే చేయించుకోనక్కర్లేదు.

చూడాల్సింది వీడీఆర్ఎల్ అంకె. రక్తంలోని సీరాన్ని 32 రెట్లు పలచన చేసినా పరీక్షలో కనబడితే 1:32 అని రాస్తారు. ఒక్కో మెట్టుకూ ఇది సగమవుతుంది: 32, 16, 8, 4. మీలాగా తొలి దశలో మందు పడినవారిలో ఏడాదిలోపు కనీసం రెండు మెట్లు, అంటే నాలుగో వంతుకు దిగాలి. మీకు మూడు మెట్లు దిగింది. కొందరిలో 1:2, 1:4 దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోతుంది. అంతమాత్రాన మళ్లీ ఇంజక్షన్ అవసరం లేదు.

అంకె పెరిగితే మాత్రం ఊరుకోకూడదు. 1:4 కాస్తా 1:16 అయితే మళ్లీ సోకినట్టో, మందు సరిపోనట్టో అనుమానించాలి. ఈ జబ్బు ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదనుకోవద్దు. వీడీఆర్ఎల్ అంకెను ఆర్‌పీఆర్ అనే మరో పరీక్ష అంకెతో పోల్చకండి. ప్రతిసారీ అదే పరీక్ష, వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. హెచ్ఐవీ పరీక్ష చేయించుకోకపోతే ఇప్పుడు చేయించుకోండి. అప్పట్లో మీతో కలిసినవారికీ పరీక్ష, చికిత్స అందాలి. మళ్లీ సోకే అవకాశం ఇవ్వకపోతే పెళ్లికి ఇది అడ్డంకి కాదు. చూపు మసకబారినా, చెవులు వినబడకపోయినా, తలనొప్పి వదలకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నాకు మూడో నెల. రెండేళ్ల కిందట సిఫిలిస్‌కు ఇంజక్షన్లు వేయించుకున్నాను. ఇప్పుడు ఆసుపత్రిలో వేలి రక్తంతో చేసిన కార్డు పరీక్షలో పాజిటివ్ అన్నారు. బిడ్డకు ప్రమాదమా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: కంగారుపడకమ్మా. మామూలుగా ఆ కార్డు పరీక్ష కూడా టీపీహెచ్ఏ లాంటిదే, పాత జబ్బునూ పాజిటివ్‌గానే చూపిస్తుంది. వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్ అంకె చేయించి, పాత రిపోర్టులతో కలిపి డాక్టరుకు చూపించు. చికిత్స జరిగినట్టు ఆధారం లేకపోయినా, అంకె పెరిగినా మళ్లీ పెన్సిలిన్ ఇస్తారు. గర్భంలో బిడ్డను కాపాడగలదని నమ్మదగ్గ మందు అదే. నీకు పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పు. మీ ఆయనకూ పరీక్ష తప్పనిసరి.

ఇద్దరికీ ఒకే మాట: సిగ్గుపడి కాగితాలు చించేయకండి. ఇంజక్షన్ వేసిన తేదీ, ప్రతి రిపోర్టూ దాచుకోండి. ఒక్క రిపోర్టు చూసి ఏ డాక్టరూ ఈ జబ్బు తగ్గిందని తేల్చలేడు.