జీడిపప్పు పన్ను ఎవరి ఖజానాకు?

ఉద్దానపు జీడితోటలను ఎరుగని విద్యార్థి జలంత్రకోట ప్రాంతమున ఉండడు. కేంద్ర, రాష్ట్ర, స్థానిక ఆర్థిక సంబంధములను మనము ఆ జీడిగింజ ఆధారముగానే పరిశీలింతము.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది. జీడిపప్పుపై నూటికి 5 రూపాయలు. పలాస పప్పు శ్రీకాకుళములోనే అమ్ముడైనచో అందు సగము కేంద్రమునకు, సగము మన రాష్ట్రమునకు చేరును. ఢిల్లీకి పోయినచో రాష్ట్రపు సగము ఢిల్లీకే చెందును. ఏలయన, ఈ పన్ను వస్తువు తయారైన చోటును గాక వినియోగమైన చోటును అనుసరించును. జీడిరసముతో చేతులు కాల్చుకొను స్త్రీలు ఇచ్చట, పన్ను అచ్చట! ఇది మాకు కటువుగానే తోచును. అయినను, మనము కొను సబ్బుపై, మోటారు సైకిలుపై పన్ను ఇట్లే మనకు వచ్చుచున్నదని మరువరాదు.

కేంద్రమునకు చేరినదియు అచ్చటనే నిలువదు. రాజ్యాంగము 280వ అధికరణము ప్రకారము ఏర్పడు ఆర్థిక సంఘము పంపకమును సూచించును. 2021-26 కాలమునకు 15వ సంఘము రాష్ట్రములకు 41 శాతము సూచింపగా, అందు ఆంధ్రప్రదేశ్ భాగము 4.047 శాతము. సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకమున చేరవు.

ఇక పంచాయతీ. దానికి స్వంతముగా దక్కునది ముఖ్యముగా ఇంటిపన్ను. దాని వాటా తేల్చుటకు ఐదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమింపవలెనని 1993లో అమలైన 73వ సవరణ విధించినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానమును నేలగూల్చినప్పుడు ఏ పంచాయతీ తన ఇంటిపన్నుతో ఊరిని నిలుపగలదు? పైనిధులకై ఎదురుచూడవలసినదే. కొబ్బరిమొక్క కాపునకు ఏండ్లు పట్టును. వీధిదీపపు ఖర్చు మాత్రము ఆ నెలలోనే వచ్చి నిలుచును.