విపత్తు శాస్త్ర పత్రిక – సలహా సంఘ సభ్యుని బాధ్యత

సాహిత్య పత్రికలో దోషభూయిష్టమైన పద్యమొకటి అచ్చయితే సహృదయుడు నొచ్చుకుంటాడు; అంతకుమించి నష్టం లేదు. విపత్తు నిర్వహణ పత్రికలో దోషంతో కూడిన సలహా అచ్చయితే దానిని నమ్మినవారి ప్రాణాలకే ముప్పు కలుగవచ్చు. అందుచేతనే ఇటువంటి పత్రికలకు సంపాదకునికి తోడుగా ఒక సలహా సంఘం ఉంటుంది. ఆ సంఘ సభ్యుని బాధ్యత ఎట్టిదో ఒక ఉదాహరణ మూలంగా విద్యార్థులకు వివరింపదలచాము.

ఆస్ట్రేలియా దేశంలో విక్టోరియా రాష్ట్రమందు మాసిడన్ అనే కొండ ఉన్నది. విపత్తు నివారణలో శిక్షణనిచ్చే జాతీయ కళాశాల ఆ కొండపైనే ఉండేది. 1986లో ‘మాసిడన్ డైజెస్ట్’ పేరుతో వెలువడిన పత్రికయే నేటి ‘ఆస్ట్రేలియన్ జర్నల్ ఆఫ్ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్’. విశ్వవిద్యాలయ పండితులే గాక అగ్నిమాపక దళాలవారు, సహాయక కార్యకర్తలు సైతం ఇందులో వ్రాస్తారు.

ఇట్టి పత్రికల సలహా సంఘ సభ్యులు అచ్చుతప్పులు దిద్దేవారు కారు. ఏ అంశాలపై వ్యాసాలు కోరాలి, వాటిని పరీక్షింపదగిన నిపుణులెవరు, అనుభవజ్ఞుల మాటకు చోటు దక్కుతున్నదా అనే విషయాలు వారు విచారిస్తారు. తమకు సంబంధం గల వ్యాసం వచ్చినప్పుడు తీర్పు చెప్పక తప్పుకోవడం వారి ధర్మం. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది: వ్యాసంలోని సిద్ధాంతం ఏ పరిస్థితులలో నిజమో, ఏ పరిస్థితులలో కాదో స్పష్టంగా వ్రాయించడం.

దీని ప్రాముఖ్యం గ్రహించడానికి ఆ కొండ చరిత్రయే చాలు. 1983 ఫిబ్రవరి 16న విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రాలలో చెలరేగిన కార్చిచ్చులలో 75 మంది మరణించారు. మాసిడన్ ప్రాంతం కూడ దగ్ధమైనది. ఆ కొండపై ఇళ్లను పరిశీలించి 1984లో ప్రకటించిన ఒక అధ్యయనం, దృఢకాయులు లోపల ఉండి కాపాడుకొన్న ఇళ్లు ఎక్కువగా నిలిచాయని తేల్చింది. ఆలస్యంగా పారిపోతూ మరణించినవారు పలువురని కూడ ఆనాటి విచారణలలో తెలిసింది. ఈ అనుభవాల బలంతో ‘సిద్ధపడి ఇంటిని కాపాడుకొనండి, లేదా ముందుగానే వెళ్లిపోండి’ అనే విధానం స్థిరపడింది.

2009 ఫిబ్రవరి 7న అంతకుమించిన దావానలం వచ్చింది. 173 మంది మరణించారు. వారిలో సగానికి పైగా ఇళ్లలోనే ప్రాణాలు విడిచారు. తదుపరి నియమింపబడిన విచారణ సంఘం ఆ విధానాన్ని పూర్తిగా త్రోసిపుచ్చలేదు. అయితే అత్యంత తీవ్రమైన రోజులలో అది చాలదనీ, ముందుగా తరలిపోవడమే మేలనీ స్పష్టపరచింది. పూర్వపు అధ్యయనం అబద్ధం కాదు. దాని హద్దులను మరచి వాడుకొనడమే ప్రమాదం. “ఎంత గాలిలో? ఎంత వేడిమిలో? ఎటువంటి ఇంటిలో?” అని అడగడమే సలహా సంఘ సభ్యుని పని.

ఈ ప్రశ్నలు మన తీరానికీ వర్తిస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించారు. 1990 మే నెలలో మరొక మహా తుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. ఈసారి ముందుగా లక్షలాది జనాన్ని తరలించినందున మృతుల సంఖ్య వెయ్యి లోపే నిలిచింది. మరి ఆ తరలింపు ఎట్లు సాధ్యమయింది? ఏ గ్రామంలో మాట చెల్లింది, ఏ గ్రామంలో చెల్లలేదు? విజయంతోపాటు వైఫల్యాన్ని కూడ వ్రాసి ఉంచితేనే తరువాతి తరానికి ఉపకరిస్తుంది.

మన విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు, వైద్యులు, రెవెన్యూ ఉద్యోగులు కావచ్చు. తాము చూచినదానిని చూచినట్లు వ్రాయండి. తెలిసినదాని హద్దును కూడ దాని ప్రక్కనే వ్రాయండి. ఇతరుల వ్రాత తమ చేతికి వచ్చినప్పుడు స్నేహాన్ని బట్టి గాక సత్యాన్ని బట్టి తూచండి. ఈ అలవాటు కళాశాల తరగతిలోనే మొదలుకావాలని మా ఆకాంక్ష.