ఆడవాళ్ళ వాడ

యూరపులో బెల్జియం అనే చిన్న దేశం ఉంది. అక్కడ బ్రూజ్ అని ఒక పాత పట్నం. ఆ ఊళ్ళో స్నేహితురాలి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళు ముందు కాలవలు చూస్తారు, పడవ ఎక్కుతారు. నడిబజారులో గంటల గోపురం ఉంది. ఎత్తు 83 మీటర్లు, మెట్లు 366. మోకాళ్ళు పట్టేస్తాయి!

ఎక్కలేనివాళ్ళు నేరుగా ఆడవాళ్ళ వాడకు పోవచ్చు. కాలవ మీద వంతెన దాటగానే పెద్ద వాకిలి. లోపల పొడవాటి చెట్లు, చుట్టూ తెల్లని ఇళ్ళు. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు.

1245లో ఈ వాడను పెట్టించినామె మార్గరెట్. ఆ సీమను ఏలింది ఆమే. ఇందులో ఉన్న ఆడవాళ్ళను బెగీనులు అనేవారు. పెళ్ళి కానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు వచ్చి చేరేవారు. ప్రార్థనలు చేసేవారు. కాని జీవితాంతం కన్యాస్త్రీలుగా ఉంటామని ఒట్టు పెట్టుకోలేదు. పెళ్ళి చేసుకోవాలనుకుంటే వాడ వదిలి వెళ్ళవచ్చు. ఎవరి ఆస్తి వాళ్ళదే.

మరి తిండి ఎవరు పెట్టేవారు? ఎవరి రెక్కల కష్టం వాళ్ళదే. ఉన్ని శుభ్రం చేసేవారు, నూలు వడికేవారు, రోగులకు సేవ చేసేవారు. తరవాతి కాలంలో లేసు కూడా అల్లారు. మన నరసాపురం వైపు కొక్కెం సూదితో లేసు అల్లుతారు కదా. అక్కడ దారం చుట్టిన చిన్న పుల్లలను అటూ ఇటూ దాటించి అల్లుతారు.

1927లో ఈ వాడకు కన్యాస్త్రీలు వచ్చారు. బెగీనులందరిలో ఆఖరి మనిషి మార్సెల్లా పాటిన్. ఆమె 2013లో బెల్జియంలోనే కోర్ట్రైక్ అనే ఊళ్ళో చనిపోయింది. అప్పటికి 92 ఏళ్ళు. ఆమెకు చూపు లేదని మఠాల వాళ్ళు చేర్చుకోలేదు. బెగీనులు చేర్చుకున్నారు.